పుష్యమాసపు పేరంటం

మొన్న మా అపార్ట్‌మెంటు హాలులో ఆడవాళ్ల భద్రత గురించి మీటింగు పెట్టారు. మైకు పట్టుకున్న అమ్మాయి మనసు విప్పి మాట్లాడమంటే అందరూ ఫోన్లు చూసుకున్నారు. నేను మాత్రం ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో, ఎవరి మాట ఎవరింటికి చేరుతుందో చూసుకుంటూ కూర్చున్నాను. ఈ అనుమానప్పురుగు నాకు జంషెడ్‌పూర్‌లో పట్టుకుంది.

డెబ్బైల చివర అక్కడి బారిడీహ్‌లో మా ఇళ్ల వరసలో ఉన్నవాళ్లమంతా శ్రీకాకుళం వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లమే. మార్గశిర లక్ష్మివారాలకు ఇంటింటా పూజ, పేరంటం, మగవాళ్లు ఆ ఛాయలకే రారు. ఆ ఏడు మార్గశిరంలోనే, దగ్గర్లోని గమ్హరియాలో ఇటుకలు మోసే రేజా పనికి పోతున్న పక్కింటి వదిన చెల్లెల్ని, ఇరవై దాటిన పిల్లని, కంట్రాక్టరు చెరిచాడు. వాడు మనవాడే, మా మగవాళ్లలో సగం మందికి పని ఇప్పించినవాడు కూడాను. అందుకని తప్పంతా పిల్లదే అన్నట్టు దాన్ని ఊరికి పంపేయడానికి పక్కింటి మగవాళ్లు బట్టల మూట కట్టించేశారు.

వదిన కడుపు మండి ఆ సంగతి పూజకొచ్చిన ఆడవాళ్ల మధ్య పెట్టింది. అందరికీ కోపమే, కానీ కంట్రాక్టరు భార్య కూడా పేరంటానికి వచ్చేది; పిలవకపోతే ఆవిడకి అనుమానం, పిలిస్తే మాకు భయం. ఆవిడ ఉన్నంతసేపూ వంకాయ ధరలూ, ఆవిడింట్లో పనిపిల్ల ఊరెళ్లిపోయిందన్న కబురూ మాట్లాడుకుని, వెళ్లాక అసలు మాట ఎత్తేవాళ్లం. వదిన ఏదో వంకతో పిల్ల ప్రయాణం వాయిదా వేస్తూ వచ్చింది, ఏదీ తేలకుండానే మార్గశిరం వెళ్లిపోయింది, మేము మాత్రం లక్ష్మివారాలు ఆపలేదు. శూన్యమాసంలో పసుపు కుంకాలేమిటని అప్పుడు ఇళ్లలో అందరికీ అనుమానం తట్టింది. మా అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడి, "పుష్యంలో పేరంటవేటే? ఏటవుతంది ఆ ఇంట్లో?" అంది. మొక్కు మిగిలిందన్నాను. నమ్మలేదు, నా వెనకే వచ్చి చాప మీద కూర్చుంది.

ఆ వేళ కంట్రాక్టరు భార్య తాంబూలం పుచ్చుకుని కూడా లేవలేదు. మాటలు మోయడానికే కూర్చుందని నేను వదినకి కనుసైగ చేశాను. కంట్రాక్టరు భార్య తల ఎత్తకుండా, "మా ఇంట పనికున్న పిల్ల ఊరెలిపోనాదని సెప్పినాను గదా. ఎలిపోలేదు, మా ఆయన సేసిన పనికి నానే పంపీసినాను. ఈ పిల్లని పంపకండి," అంది.

సంగతి పెద్దల ముందు పెడదామంటే వదిన చెల్లెలు సరేనన్నాక మా అత్తగారే ముందు నడిచి, మావాళ్లలో పెద్దమనుషుల్ని పిలిపించి మా ఎదురుగా కూర్చోబెట్టింది. కంట్రాక్టరు భార్య అదే మాట వాళ్లకీ చెప్పింది. పోలీసుల దాకా వెళ్లే ధైర్యం మాకు లేకపోయింది గానీ, పెద్దమనుషులు పట్టుబట్టడంతో ఆడకూలీల్ని పెట్టుకునే పని వాడి చేతిలోంచి పోయింది, ఆ కోపాన వాడు మావాళ్లు కొందరి పనులూ ఊడగొట్టాడు. పిల్ల మూట విప్పుకుని తోటి రేజాలతో గుంపుగా పనికి పోయింది.

ఇప్పుడు చట్టాలొచ్చాయి, ఆడపిల్లలు ధైర్యంగా స్టేషను మెట్లెక్కుతున్నారు, సంతోషమే. అయినా ఫలానా వాళ్ల పిల్ల ఉన్నట్టుండి ఊరెళ్లిపోయిందని ఎవరైనా అంటే ఈనాటికీ నేను నమ్మను. తానే వెళ్లిందా, పంపేశారా అని అడుగుతాను. ఇప్పటివాళ్లు, మీకెందుకండీ అంటారు.