వెండి కలిపే గిన్నె

"...ఆ గిన్నె అక్క చేతికిచ్చిన రోజు నేను పిల్లల్ని తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను, చెప్తున్నా."

"పోదువుగానిలే. ముందు సెలూన్ ఆయనకి ఏం చెప్పాలో చెప్పు."

"రెండు కళ్ళున్నప్పుడే నా మాట వినలేదు. ఒక్క కన్నుతో వింటారనుకోవడం నాదే బుద్ధితక్కువ."

మరిదీ తోటికోడలూ లోపల మాట్లాడుకుంటున్నది, పెరట్లో గాజుపలక కడుగుతున్న వదినకి వినపడుతూనే ఉంది. ఆవిడ ఇంకాస్త సుద్దపొడి చల్లి, కడిగిన చోటే మళ్ళీ తుడవసాగింది.

వీధిలో ఆవిణ్ణి అద్దాల వదిన అంటారు. కాపురానికొచ్చిన కొత్తలో భర్త పక్కన నిలబడి పని నేర్చుకుంది. కొన్నాళ్ళకి ఆయన గాజు కోసి ఫ్రేములు బిగించుకుంటూ, వెండి పూత ఆవిడకే వదిలేశాడు. పూత ఆరాక వెనక రంగు వెయ్యడం మరిది పని.

వెండి కలిపిన నీళ్ళు చూడ్డానికి మామూలు నీళ్ళే. అందులో అమోనియా చుక్కచుక్కగా వేస్తే మొదట బురదలా అవుతుంది, వేస్తూ పోతే తేటపడుతుంది. పూర్తిగా తేటపడే ముందే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైనా పూత మసకేస్తుంది. ఆపైన చక్కెర నీళ్ళు కలిపి గాజు మీద పొయ్యాలి. చక్కెర ఎలక్ట్రాన్లు ఇస్తుంది, వెండి పుచ్చుకుంటుంది. అంతవరకూ కంటికి కనపడని వెండి లోహమై గాజుకి అంటుకుంటుంది. పుస్తకాల్లో దాన్ని క్షయకరణం అంటారు. ఆ ఇంట్లో 'వెండి దిగడం' అంటారు.

మిగిలిన అమోనియా వెండిని మాత్రం నిలవ ఉంచకూడదు. సాయంత్రం పూత పూసే గది మూసే ముందు అందులో ఉప్పు వేసి, తెల్లగా విరిగిపోయాక పారబోసి, గిన్నె కడగాలి. ఎండనిస్తే నల్లటి పెచ్చు కడుతుంది, గీరితే పేలుతుంది. ఆ పని ఎప్పుడూ వదినదే.

భర్త గుండె పట్టుకుని రోడ్డు మీద పడిపోయాడని కబురొచ్చిన రోజు, ఆవిడ తడిచేతులతోనే ఆసుపత్రికి పరిగెత్తింది. ఆయన కర్మకాండలన్నీ అయిపోయాక మరిది వెళ్ళి గది తలుపు తీశాడు. గిన్నె అడుగున ఏదో మురికి పట్టింది. వదిన ఉప్పు వేసే ఉంటుందనుకుని, గరిటె కాడతో గీరాడు.

కుడికన్ను పోయింది.

ఎవరూ ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. మరిది కొత్త పింగాణి గిన్నె కొని పై అరలో పెట్టుకున్నాడు. "నీకెందుకొదినా శ్రమ, నేను చూసుకుంటాలే," అన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ గాజు కడిగి ఇవ్వడమే.

ఇతనికేమో భయం. చెయ్యి చాచి గిన్నెని దూరంగా పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, అమోనియా గబగబా వొంపేస్తాడు. సెలూన్ కోసం చేసిన అద్దాలన్నీ పొగచూరినట్టే వచ్చాయి. నిన్న సెలూన్ ఆయన వచ్చి చూసి, "ఈ అద్దంలో అందరూ ఒకేలా ఉంటారు బాబూ! గడ్డం గీశానో లేదో నాకే తెలీదు," అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి, ఈసారి కూడా ఇంతే అయితే ఇంకో చోట చూసుకుంటానన్నాడు.

మధ్యాహ్నం మరిది పెరటి గుమ్మంలోకి వచ్చాడు. గిన్నె అతని చేతిలోనే ఉంది.

"వదినా, ఇవాళ నువ్వు కలుపు."

ఆవిడ కొంగుకి చేతులు తుడుచుకుని, "మీ ఆవిడ?" అంది.

"దాని సంగతి నాకొదిలెయ్."

తోటికోడలు పిల్లల్ని పక్కింటికి పంపేసి, తను మాత్రం వచ్చి గది బయట నిలబడింది. "నేనిక్కణ్ణుంచే చూస్తానక్కా. ఏమనుకోకు," అంది.

"అనుకోనులే. వెలుతురుకి అడ్డం మాత్రం రాకు."

వదిన గిన్నెని దగ్గరికి తీసుకుని, దాదాపు మొహం ఆనించి, చుక్కచుక్క వేసింది. నీళ్ళు బురదయ్యాయి, తేటపడబోయాయి. ఆపేసింది. చక్కెర నీళ్ళు కలిపి గాజు మీద పోసింది. గోధుమరంగు తిరిగి, నల్లబడి, అంచుల నుంచి మెరుపు మొదలైంది. కడిగి పలక తిప్పి నిలబెడితే గదంతా అందులో ఉంది. మరిది అంగుళం అంగుళం వెతికి ఎక్కడా మచ్చ దొరక్క, "పాత చెయ్యే వదినా," అన్నాడు. తోటికోడలు వెళ్ళి ముగ్గురికీ టీ తెచ్చింది. కప్పు అందిస్తూ, "చక్కెర నీ గదిలోంచి తేలేదులే," అంది. వదిన చాన్నాళ్ళకి నవ్వింది.

సాయంత్రం మిగిలినదాంట్లో ఉప్పు వేసి, విరిగాక పారబోసి, గిన్నె కడిగి బోర్లించింది. దీపం ఆర్పడం మరిచిపోయానని మళ్ళీ గదికొచ్చింది.

మరిది గిన్నె అంచు చుట్టూ వేలితో తడుముతున్నాడు. లోపల ఇంత ఉప్పు వేసి, నీళ్ళు పోసి కడిగాడు. మళ్ళీ కడిగాడు. వెలుతురుకి ఎత్తి, ఉన్న కంటికి దూరంగా పట్టుకుని చూశాడు.

"కడిగాను బాబూ," అంది వదిన.

అతను ఉలిక్కిపడ్డాడు. "తెలుసొదినా. తెలుసు... ఊరికే."

గిన్నె మాత్రం దించలేదు.

రాత్రి అన్నాల దగ్గర తోటికోడలు మిగతా అద్దాల సంగతెత్తి, అక్కే చేస్తే సెలూన్ ఆయన నోరు మూతపడుతుందంది. మరిది తల వంచుకుని తింటున్నాడు.

వదిన కంచం పక్కకి జరిపింది.

"మందుల కంపెనీలో సీసాలు కడగడానికి మనుషులు కావాలట. సోమవారం నుంచి నేనక్కడికి వెళ్తున్నాను," అంది.