ఏమిటి అంటే పలకని కుక్క

ఆ వయసులో ఎవరైనా "పద" అంటే చాలు, ఎక్కడికని అడక్కుండా చెప్పుల్లో కాళ్లు పెట్టేసేవాణ్ణి. అలాంటిది గాజువాక నుంచి హైదరాబాదు దాకా కారులో వెళ్లడమంటే ఇంక చెప్పాలా! ముందు రోజు నిద్రపడితే ఒట్టు. కారు నాది కాదు, బావది. (బావ అంటే అక్క మొగుడు కాదు. మా విశాఖలో స్నేహితులందరూ బావలే, అందుకు అక్కలుండక్కర్లేదు.) ఆ పాత కారులో డ్రైవరు వైపు తలుపు బయట్నుంచి మాత్రమే తెరుచుకునేది. దిగాలంటే ఇంకొకరు వచ్చి తియ్యాలి. అదీ మాకు రాజభోగంలానే ఉండేది.

ఇద్దరికీ ఒకే తెలుగు కాల్ సెంటర్లో తొలి ఉద్యోగం. ఫోన్లో ఇంటర్వ్యూ చేసిన మేడమ్ "అంతా బాగుంది, యాస మాత్రం సరిచేసుకోండి" అని మరీ మరీ చెప్పింది. మాతో మూడో ప్రయాణికుడు బావ కుక్క. పోర్టు రోడ్డులో లారీ కింద దొరికిన పిల్ల. పేరు పెట్టేలోపే వీధంతా వచ్చి "ఏటిది? పేరేటి?" అని అడిగేసరికి, తన పేరే 'ఏటి' అని అది ఖాయం చేసేసుకుంది. ఇక గాజువాకలో ఎవరు ఎవర్ని "ఏటి" అని పలకరించినా నన్నేనని తోకాడించుకుంటూ వెళ్లిపోయేది. పాపం, దానికి ఒక్క క్షణం తీరికుండేది కాదు.

అనకాపల్లి దాటగానే ఒప్పందం పెట్టాను. "బావా, ఇక్కణ్ణుంచి మన యాస బంద్. నోరు జారినోడి ఒళ్లో కుక్క."

"సర్లే గానీ, మరి దీన్నేటని పిలుద్దుం?" అన్నాడు బావ.

జారాడు! కారు పక్కకి ఆపించి, స్టీరింగు నేను తీసుకుని, దూడంత కుక్కని వాడి ఒళ్లో పెట్టాను. దాని పేరు కూడా 'ఏమిటి' అని మార్చేశాం. అది మాత్రం ఆ పేరు వినగానే మొహం తిప్పేసుకుంది. రాజమండ్రి వంతెన దాకా "కిటికీ దించుతారా మిత్రమా" అంటూ ఎంతో మర్యాదగా వెళ్లాం. గోదావరి కనబడగానే నా నోట్లోంచి "ఓలమ్మో, ఎంత నీరో బావా!" అని వచ్చేసింది. కుక్క నా ఒళ్లోకి, స్టీరింగు వాడి చేతికి.

సూర్యాపేట దాటాక ధాబా ముందు ఆగామో లేదో, పక్కనే లారీ టైరు ఢామ్మని పేలింది. కుక్క నా ఒళ్లోంచి కిటికీలోకి, కిటికీలోంచి పత్తిచేలోకి! "తలుపు తియ్యిరా!" అని బావ లోపల్నుంచి గుద్దుతున్నాడు. తీశాను. ఇద్దరం చేను గట్టున నిలబడి "ఏమిటీ! ఏమిటీ!" అని అరిచాం. ధాబా ఆయన పరిగెత్తుకొచ్చి "ఏందన్నా, ఏం గావాలె?" అన్నాడు. చేలో ఆకు కదల్లేదు. బావ కుక్కని నా ఒళ్లోంచి పోగొట్టాను. ఇంక యాసేమిటి, ఉద్యోగమేమిటి!

"ఏటీ...! ఏటి సేత్తన్నావురా అక్కడ? ఇలా రా!"

అంత గట్టిగా నేను జన్మలో అరవలేదు. లారీ డ్రైవర్లంతా తినడం మానేసి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఒంటినిండా పత్తి అంటించుకుని అది దూసుకొచ్చి నన్ను పడగొట్టింది. బావ దాన్ని వాటేసుకుని, "ఏటిరా, నాను బతికున్నాననుకున్నావా సచ్చేననుకున్నావా" అని ఏడుపూ నవ్వూ కలిపేశాడు.

"పేరేందన్నా దీనిది?" అన్నాడు ధాబా ఆయన.

"ఏటి."

"అదే అడుగుతున్న. పేరేంది?"

"ఏటి."

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. అక్కణ్ణుంచి హైదరాబాదు దాకా గొంతులు బొంగురుపోయేలా మా భాషలోనే వాగుతూ వెళ్లాం.

తర్వాత బావ కుక్కతో సహా విశాఖ వెళ్లిపోయి మధురవాడలో స్థిరపడ్డాడు. అది వాడింట్లోనే ముసలిదై, నిద్రలో పోయింది. నేనిప్పుడు కొత్తగా చేరినవాళ్లకి శుద్ధమైన తెలుగులో ఫోన్ మాట్లాడటం నేర్పుతున్నాను. (నవ్వకండి, జీతమిస్తున్నారు.) ఆదివారం బావకి ఫోన్ చేస్తే మొదటి మాట మాత్రం "ఏటి బావా" అనే వస్తుంది. వాడు వెంటనే పలకడు. నేనూ ఆగుతాను. అలవాటు కొద్దీ, అది తోకాడించుకుంటూ వచ్చేదాకా.