అతిథులకు చెప్పని మాట

పోయిన ఆదివారం నేపర్‌విల్‌లో మా అమ్మాయి స్నేహితుల ఇంట్లో భోజనాలయ్యాక, ఒకబ్బాయి అలాస్కా వెళ్ళొచ్చిన ఫొటోలు ఫోన్‌లో చూపించాడు. "ఆంటీ, గైడెడ్ ట్రిప్ బుక్ చేసుకున్నాం, లాడ్జ్‌లో వైఫై కూడా ఉంది" అంటూ, రెండు చేతులా సాల్మన్ చేపను ఎత్తి పట్టుకుని నవ్వుతున్న తన ఫొటో దగ్గర ఆగాడు. అతని వెనక బియ్యం కడిగిన నీళ్ళలాంటి నది కనపడింది. బాగుంది నాన్నా అని ఫోన్ ఇచ్చేసి, మంచినీళ్ళ మిషతో లేచి వెళ్ళిపోయాను.

మేం ఆ మూలకు వెళ్ళింది డెబ్బైల చివర్లో. మా ఆయన అలాస్కాలో ఇంజనీరింగ్ చదువుతుండేవారు, వేసవి వస్తే ఏదో ఒక పని వెతుక్కోవలసి వచ్చేది. ఆ రోజుల్లో ఈ దేశం వచ్చినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, కందిపప్పు కావాలంటే షికాగో నుంచి ఎవరైనా దయతలచి పార్సిల్ పంపాలి, అమ్మ గొంతు వినాలంటే పండగ రావాలి. అలాంటప్పుడు, రోడ్డన్నదే లేని చోట నది ఒడ్డునున్న ఒక ఫిషింగ్ లాడ్జిలో పడవల మోటార్లూ జనరేటరూ చూసుకునే పని ఆయనకూ, వంటింట్లో సాయం చేసే పని నాకూ దొరికాయి. చేప ముట్టని ఇంట పుట్టిన నేను మొదటి వేసవి ముగిసేలోపే సాల్మన్‌ను శుభ్రం చేసి ముక్కలు కోయడం నేర్చుకున్నాను. ఎంత తోమినా వేళ్ళకు ఆ వాసన పోయేది కాదు, అందుకని అన్నం చెంచాతో తినేదాన్ని.

లాడ్జి ఒక దంపతులది. పెద్దాయన, ఆయన భార్య, పాతికేళ్ళ కొడుకు, అంతే కుటుంబం. వారానికోసారి నీళ్ళ మీద వాలే చిన్న విమానంలో అతిథులు దిగేవారు. కొడుకే వాళ్ళకు గైడ్. పొద్దున్నే పడవలో ఎక్కించుకుని, వాగు వచ్చి నదిలో కలిసే చోటికి తీసుకెళ్ళి, గాలానికి ఎర కట్టిచ్చి, చేప పడితే వలతో అందుకుని, సాయంత్రం అందరినీ భద్రంగా ఒడ్డున దింపేవాడు. తెలుగులో తిట్లు నేర్పమని మా ఆయన వెంటపడేవాడు. నన్ను మాత్రం, వచ్చీరాని పలుకుతో, అక్కా అనేవాడు.

మేం వెళ్ళిన మూడో వేసవిలో ఒక మధ్యాహ్నం, ఎగువన వదిలేసి వచ్చిన పాత పడవను తేవడానికి అతనొక్కడే వెళ్ళాడు. సాయంత్రానికి అతని పడవ బోర్లాపడి కొట్టుకొచ్చింది. మంచు కరిగి పారే నది అది, ఎంత ఈతగాడైనా ఆ చలికి ఎంతోసేపు ఆగలేడు. రేడియోలో కబురు పెడితే పోలీసుల విమానం వచ్చి తిరిగింది, పొగమంచు దిగేసరికి వెనక్కి వెళ్ళిపోయింది. ఆ తెల్లటి నీళ్ళలో జానెడు లోతున ఉన్నది కూడా పైకి కనపడదు.

మర్నాడు మంచు విడవగానే ఆ వారం అతిథుల విమానం వచ్చి వాలింది. పైలట్ సామాను దింపుతున్నాడు. అదే విమానంలో వాళ్ళను తిప్పి పంపేద్దామని మా ఆయన అన్నారు. పెద్దాయన మోటారులో పెట్రోలు పోస్తూ, తలెత్తకుండా, "నేనెలాగూ నది మీదే ఉండాలి. వాళ్ళకేం చెప్పొద్దు. చెప్తే నన్ను చూస్తూ కూర్చుంటారు, నీళ్ళను చూడరు" అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ఏటా వచ్చే ఒక ముసలి అతిథి, మీ అబ్బాయి కనపడడేమని అడిగాడు.

"నది ఎగువకు వెళ్ళాడు" అంది తల్లి.

"ఎప్పుడొస్తాడు?"

"తెలీదు" అని ఆవిడ కూర గిన్నె అతని ముందుకు జరిపింది. వంటింట్లోకి వచ్చి మర్నాటి రొట్టెకు పిండి కలపడం మొదలుపెట్టింది. నేను తుడిచిన గిన్నెలే మళ్ళీ తుడుస్తూ నిలబడ్డాను.

పెద్దాయన నీళ్ళ మీద నుంచి కళ్ళు తిప్పడని అతిథులు మెచ్చుకునేవారు. చేప జాడ ఇంత శ్రద్ధగా వెతికే గైడ్‌ను చూడలేదనేవారు. ఒకతనికి చాలా పెద్ద చేప పడింది. పెద్దాయనను పక్కన నిలబెట్టి, కాస్త నవ్వమని ఫొటో తీయించుకున్నాడు. ఆయన నవ్వాడు. నేను వంటింటి కిటికీలోంచి చూశాను, ఆ నవ్వు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ రోజు మా ఆయన నాతో, "వెళ్ళిపోదాం, నావల్ల కావట్లేదు. డైలీ ఆయన మొహం చూస్తూ ఇంజిన్ స్టార్ట్ చేసి ఇవ్వలేను" అన్నారు. కానీ ఎవరు వెళ్ళగలరు?

ఇంకో రెండు రోజులకు ముసలి అతిథి గాలానికి ఏదో బరువుగా తగిలింది. లాగితే పసుపుపచ్చ వానకోటు, ఆ అబ్బాయి రోజూ వేసుకునేది. పెద్దాయన దాన్ని గాలం నుంచి విడిపించి, నీళ్ళు పిండి, మడతపెట్టి తన సీటు కింద పెట్టుకుని, మోటారు తిప్పి పడవను అక్కడే చుట్టూ తిప్పసాగాడట. ముసలాయనకు అర్థమైపోయింది. సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చి తల్లిని అడిగాడు. ఆవిడ అవునంది. మర్నాటి నుంచి ఆ అతిథులెవరూ గాలం పట్టలేదు, ఒడ్డు వెంట నడుస్తూ వెతికారు. ఏమీ దొరకలేదు. విమానం వచ్చి వాళ్ళను తీసుకెళ్ళింది, ఇంకో జట్టును దింపింది. వాళ్ళకు కూడా చెప్పొద్దన్నాడు పెద్దాయన. నది గడ్డకట్టేదాకా, వారం వారం, అలాగే సాగింది. ఆ అబ్బాయి దొరకలేదు.

ఆ ఏడాదే మా ఆయనకు ఇల్లినాయిలో ఉద్యోగం వచ్చి ఇటు వచ్చేశాం. లాడ్జి అమ్మేశారని, అమ్మేశాక కూడా మంచు కరగ్గానే పెద్దాయన ఒక్కడే పడవ వేసుకుని వెళ్ళేవాడని, ఒక ఏడు అది కూడా మానేశాడని తర్వాత తెలిసింది. ఎందుకు మానేశాడని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

కిందటేడు మా ఆయన పోయారు. ఆస్పత్రి నుంచి నేను ఇల్లు చేరేలోపే కబురు ఫోన్లలో ఊరంతా పాకి, గుమ్మంలో చెప్పులు నిండిపోయాయి. నెలంతా వంతులు వేసుకుని వంటలు తెచ్చారు, నన్ను గ్లాసు కూడా కడగనివ్వలేదు, మీరు కూర్చోండి ఆంటీ అన్నారు. వాళ్ళ మంచితనానికి వంక పెట్టను. కానీ సోఫాలో చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుని ఉండగా, అందరూ నా మొహంలోకే చూస్తుంటే, ఆ తల్లే గుర్తొచ్చింది. ఆవిడది రాతి గుండె అనుకున్నాను అప్పట్లో. ఇప్పుడేమో, ముక్కూమొహం తెలియని నలుగురు ఆకలితో వచ్చి, నన్నేమీ అడగకుండా, కూర ఇటు జరపమంటే బాగుండుననిపిస్తుంది. అలా వచ్చేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు? గుమ్మం ఎక్కే ప్రతివాళ్ళకూ ముందే అంతా తెలుసు.