శంకర్ సంగీతం వాళ్ల అక్క విన్నది

ఇయ్యాల పొద్దుగాల గద్వాలల శంకర్ వాళ్ల ఇంటికి పోయిన. శంకర్, నేను డిగ్రీల ఉన్నప్పటిసంది కంప్యూటర్ మీద సంగీతం చేసేటోళ్లం. దాంట్ల మాటలుండవు, చీకటసుంటి బరువైన మోతలే. ఊర్లె దయ్యాల పాటలని నవ్విండ్రు. ఇంటర్నెట్ల పెడితే మాత్రం ఎక్కడెక్కడి దేశాలోళ్లో విన్నరు. హైదరాబాద్‌ల ఒక చిన్న హాల్ల వాయించినం గూడ. పోయిన వానకాలం శంకర్ కామెర్లతోని చనిపోయిండు. అప్పటిసంది నేను దాని జోలికి పోలే.

వాళ్ల అక్క సుజాత చీరలు నేస్తది. శంకర్ కీబోర్డు తీస్కపొమ్మని ఆమెనే ఫోన్ చేసింది. నేను వైర్లు చుడుతుంటే మగ్గం దిగి వచ్చింది.

"వాడు చేసింది జర వినిపియ్యి తమ్మీ. నేనెన్నడు వినలే."

భయపడుకుంటనే, వాడొక్కడే చేసిన ఆఖరి సంగీతం నా ఫోన్ల పెట్టిన. హెడ్‌ఫోన్లు పెట్టుకొని, కండ్లు మూసుకొని మొత్తం విన్నది.

"మా నాయన పోయిననాడు గూడ వాడు ఏడ్వలే. రాయసుంటోడు అనుకున్నం. దీంట్ల ఏడ్సుకున్నడా?"

తల ఊపిన.

"అయితే ఈ కీబోర్డు తీస్కపోకు. నువ్వే ఈడికొచ్చి వాయించు" అన్నది.

చుట్టిన వైర్లు మళ్ల విప్పిన. వచ్చే ఆదివారం పోత.

మా సంగీతం వినే మనిషి గద్వాలల దొరకనీకె ఇన్నేండ్లు వట్టింది. మీరు చేసేది మీ ఇంటోళ్లకు ఎన్నడన్న వినిపిచ్చిండ్రా?