కులిపా ఇంటి పాలు

కులిపా మొండి మనిషి. మొగుడు పోయాక బిష్కెక్ శివారులో, చెత్తదిబ్బ పొగ తగిలే వీధిలో, ఒక్క ఆవును నమ్ముకుని ఇల్లు నిలబెట్టింది. కూతురు మాస్కోలో ఏదో హోటల్లో గిన్నెలు తోముకుంటూ, తన పిల్ల అయ్‌జిరెక్‌ను తెచ్చి ఈమె ఒళ్ళో పడేసింది. వీధిలో పుట్టిన పసివాళ్ళంతా కులిపా పాలతోనే పెరిగారు. అందుకే అందరికీ ఆమె అపా, అంటే అమ్మ.

ఆ వసంతంలో నుర్దీన్ అనే శాస్త్రవేత్త బడిపిల్లల్ని వెంటేసుకుని వీధులన్నీ తిరిగాడు. తాముండే చోట మట్టీ నీళ్ళూ ఎలా ఉన్నాయో పిల్లలే తెలుసుకోవాలని ఆయన పట్టు. పరీక్షకని పిల్లలు కాలవ ఒడ్డున మన్ను తవ్వారు, దిబ్బ పక్కన గడ్డి పీకారు. అయ్‌జిరెక్ ఇంట్లోకి పరుగెత్తి గ్లాసుడు పాలు తెచ్చిచ్చింది. మా అపా పాలకు వంక పెట్టేవాడెవడని దాని ధీమా.

కొన్నాళ్ళకు నుర్దీన్ పిల్లలతో సహా మళ్ళీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన మొహం చూడగానే కులిపాకు సంగతి అర్థమైపోయింది. ఆయన నోరు తెరవకముందే రొట్టె విరిచి పెట్టి, అక్కడి మర్యాద ప్రకారం గిన్నెలో సగానికే పాల చాయ్ పోసి ఆయన ముందుకు చాపింది. ప్రహరీ అవతల ఇరుగుపొరుగు ఆడవాళ్ళు తొంగి చూస్తున్నారు.

"ముందు తాగు బాబూ. నా ఇంటికొచ్చి చాయ్ ముట్టకపోతే నా మొహాన కొట్టినట్టే."

ఆయన పిల్లల వైపు చూశాడు. ముసలామె చేతులు చాపుకునే ఉంది. తీసుకుని తాగేశాడు. అలాంటి మర్యాదను తగలెయ్య.

"అపా, మీ పాలల్లో సీసం ఉంది. దిబ్బ దగ్గర మేసే గడ్డిలోంచి వస్తోంది. పసిపిల్లలకు అసలు పట్టకండి, మెదడు దెబ్బతింటుంది" అన్నాడు అప్పుడు.

"మరి నువ్వెందుకు తాగావు?"

ప్రహరీ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కింటి కోడలు చొల్పోన్ చంకలో బిడ్డను ఎగదోసుకుంటూ, "అంత చదువుకున్నాయన విషమైతే తాగుతాడా?" అంది. ఆ తర్వాత ఆయన ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టినవాళ్ళు లేరు.

సాయంత్రం చొల్పోన్ క్యానుతో వచ్చింది.

"ఇంకాస్త ఎక్కువ పొయ్యి అపా. వీడు ఒళ్ళు చెయ్యడం లేదు."

కులిపా నిండా పోసి పంపింది. తర్వాత మనవరాలి ముందు చాయ్ పెట్టింది. నల్ల చాయ్.

"పాలేవి?"

"అయిపోయాయి."

అయ్‌జిరెక్ బకెట్ వైపు చూసింది. సగానికి పైగా పాలున్నాయి.

"చొల్పోన్ అక్కకు చెప్పిరానా?"

"చెప్పు. రేపట్నుంచి మనం ఏం తింటామో అదీ చెప్పు."

అయ్‌జిరెక్ లేవలేదు. తలొంచుకుని ఆ చాయ్ తాగింది. పక్కింట్లోంచి పాలు కాగుతున్న వాసన వస్తోంది.