మిణుగురక్క చూడాలనుకున్నది

కంటి ఆసుపత్రి వెనక, బట్టలుతికే గదికీ జనరేటరుకీ మధ్య ఇరుక్కున్న చిన్న వర్క్‌షాపు గదిలో మిణుగురక్క పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తోంది. మొండికేసిన మోటార్లు, విరిగిన పెడళ్ళు, మసకబారిన మైక్రోస్కోపులు అన్నీ ఆమె బల్ల మీదికే వస్తాయి. బాగుచేసి ఆపరేషన్ థియేటర్ గుమ్మం దాకా తీసుకెళ్తుంది. అక్కడ నేల మీద ఎర్రగీత. గీత ఇవతల నిలబడి చెయ్యి చాచి ఇచ్చెయ్యాలి. వర్క్‌షాపు వాళ్ళు అది దాటకూడదు. చాలాకాలం ఆమెకి దాటాలన్న ధ్యాసే లేదు.

కంటి వెనక పొర ఊడినవాళ్ళకి ఆపరేషన్ చెయ్యాలంటే, ముందు కన్ను లోపలి చీకటిలోకి సన్నని గొట్టంతో వెలుగు పంపాలి. ఆ వెలుగు పుట్టే పెట్టె అప్పట్లో సూట్‌కేసంత ఉండేది. ఫ్యాను హోరు సరేసరి. డాక్టరు ఒక చేత్తో దీపం పట్టుకుని, పనంతా రెండో చేత్తోనే కానివ్వాలి. ఒక ఉదయం ఆపరేషన్ మధ్యలో బల్బు పోయింది. కొత్తది బిగించేదాకా, రెండు నిమిషాలు, డాక్టరమ్మ పరికరం రోగి కంట్లోనే ఉంచి బొమ్మలా కూర్చుంది.

ఆ ఆపరేషన్ ముగియగానే ఆవిడ తలమీది టోపీ కూడా తియ్యకుండా వర్క్‌షాపుకొచ్చి, స్టూలు మీద కూలబడి, సీసాడు నీళ్ళు గటగటా తాగింది.

"అక్కా, నాకో దీపం చేసిపెట్టరా? చిన్నది. నేను పట్టుకోకుండా దానంతటదే నిలబడాలి. నాకున్నవే రెండు చేతులు, అందులో ఒకటి దీపస్తంభం అయి కూర్చుంది."

"లోపల ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది అక్క, ఎంత వెలుగు కావాలో తెలుసుకుందామని.

డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. "నారింజ రంగు. అంటే, నారింజ కూడా కాదు. పొద్దుగూకే ముందు తడి ఇసుక ఉంటుందే, అలా. దాని మీద ఎర్రటి సన్నని ఏర్లు. అన్నీ మీగడ రంగు చుక్క దగ్గరికి చేరి కలుస్తాయి. చెప్తే తెలిసేది కాదక్కా. చూడాల్సిందే."

ఆ ఆఖరి మాట అక్క మనసులో నాటుకుపోయింది.

పని మొదలైంది. మాంసం కొట్టు నుంచి మేక కళ్ళు తెచ్చి, వాటిమీద ప్రయత్నించేది. మధ్యాహ్నానికల్లా అవి మసకబారిపోయేవి. కొన్ని ఇంట్లో ఫ్రిజ్‌లో దాచడం మొదలుపెట్టింది. బస్సు డ్రైవరైన ఆమె భర్త లబోదిబోమన్నాడు.

"ఫ్రిజ్ తీస్తే ఆరు కళ్ళు నన్నే చూస్తున్నాయే! ఇక దొంగచాటుగా మిఠాయి ఎలా తినను? ఇంటికి దీపం ఇల్లాలంటారు. మా ఇల్లాలు ఆ దీపం కాస్తా ఆసుపత్రికి పట్టుకుపోయింది."

వెంట్రుక కన్నా కాస్త లావైన, వెలుగును మోసే పోగు ఒకటి, కంటి తెల్లగుడ్డులో సూదిబెజ్జమంత రంధ్రంలో గుచ్చితే నిలబడాలి. మొదటిది వేడెక్కింది. రెండోది నిలబడింది గానీ, వెలుగు వెనక్కి తిరిగి డాక్టరమ్మ కళ్ళలోనే పడింది. అప్పుడు పోగు కొసకి ఒక పక్కన గోరంచంత గొడుగు కట్టింది. పాత పెట్టెకి అయిదు తిప్పే మీటలు. "తొడుగులేసుకున్న తడి చేతులకి ఇవి తిరగవమ్మా" అని హెడ్ నర్సు మొత్తుకుంటే, అన్నీ తీసేసి కొత్తదానికి గరుకు అంచున్న పెద్ద మీట ఒక్కటే పెట్టింది. కంటికి హాని చేసేంత వెలుగు దాకా అది తిరగనే తిరగదు.

ఏడాదిన్నరకి పెట్టె టిఫిన్ డబ్బా అంతైంది. బ్యాటరీతో నడిచింది. మొదటి ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ వర్క్‌షాపుకి పరుగున వచ్చి అరచేతులు రెండూ చాపి చూపించింది. "రెండూ నావే అక్కా!" వెనకే వచ్చిన హెడ్ నర్సు, "మిణుగురంత లేదు, ఎంత పని చేసింది!" అంది. దీపానికి పెట్టిన పేరు మనిషికి అంటుకుంది.

వేరే ఆసుపత్రులు అడిగాయి. నలభై చేసింది. ఒక్కటి కూడా లోపల ఏం చూపిస్తోందో ఆమె చూడలేదు. సూపరింటెండెంటుని రెండుసార్లు అడిగితే, రూలు రూలేనన్నాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్ల మీద కూర్చుని, కళ్ళు మూసుకుని ఎండకేసి మొహం తిప్పేది. రెప్పల వెనక ఎర్రగా కనిపించేది. ఇదేనా? ఇలాగే ఉంటుందా? డాక్టరమ్మనడిగితే నవ్వి తల అడ్డంగా ఊపింది.

ఆ దీపం వచ్చిన నాలుగో ఏట ఒక ఉదయం ఆపరేషన్ మధ్యలో దీపం మినుకుమినుకుమంది. హెడ్ నర్సు గుమ్మంలోంచి కేకేసింది. "మిణుగురక్కా! చేతులు కడుక్కుని, గౌనేసుకుని లోపలికి రా!"

పొడుగాటి గౌను కాళ్ళకి చుట్టుకుంటుండగా గీత దాటింది. పెట్టె దగ్గర వదులైన తీగ బిగించింది. వెలుగు నిలిచింది. డాక్టరమ్మ తలెత్తకుండానే అంది, "ఎలాగూ వచ్చారుగా. మైక్రోస్కోపు పక్క గొట్టంలోంచి చూడండి. అర నిమిషమే."

అక్క ఊపిరి బిగబట్టి వంగింది. మొట్టమొదట ఆమె కళ్ళు వెతికింది తన దీపాన్నే. పోగు కొస సరిగ్గానే ఉంది. కానీ గొడుగు అంచు నీడ కుడివైపు చారలా పడుతోంది. అంచు ఎంత అరగదియ్యాలి? ఎటు వంచాలి? లెక్క వేస్తుండగానే నర్సు భుజం తట్టింది. "చాలక్కా, పద."

సాయంత్రం భర్త ఆత్రంగా అడిగాడు. "ఎలా ఉందే లోపల?"

"కుడివైపు కాస్త నీడ పడుతోంది" అంది.

అని, అప్పుడు ఏడ్చింది. ఇన్నేళ్ళు ఎదురుచూసి, తీరా చూసినప్పుడు తన తప్పే చూసింది గానీ కన్ను చూడలేదు. ఇసుక రంగు, ఏర్లు, మీగడ చుక్క, అన్నీ అక్కడే ఉండి ఉంటాయి. ఎంత తలుచుకున్నా చార తప్ప ఏదీ గుర్తుకు రాలేదు. భర్త ఆ పూట హాస్యాలాడలేదు. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు.

గొడుగు అంచు సరిచేసింది. ఈలోగా డాక్టరమ్మకి దూరంగా మరో ఆసుపత్రిలో పెద్ద ఉద్యోగం వచ్చింది. కొత్త దీపం పార్సిల్లో పంపితే, వారానికి ఫోను చేసింది.

"నీడ మాయమైందక్కా. మీరొకసారి ఇక్కడికి రండి. ఇక్కడంతా నా ఇష్టమే. దీపం సంగతి నేను చూసుకుంటా, మీరు ఊరికే చూడండి."

"వస్తానమ్మా" అంది మిణుగురక్క.

అది నిరుటి మాట. రైల్లో ఒకటిన్నర రోజు ప్రయాణం. బల్ల మీద ఇంకా ముప్ఫై దీపాలు సగంలో ఉన్నాయి. భర్త రెండుసార్లు సెలవు పెట్టి, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాడు. "వెళ్దామే" అంటే "ఈ నాలుగూ అవ్వనీ" అంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆశ తగ్గుతుందంటారు. ఆమెకి తగ్గలేదు. పోగు కొస నునుపు చేస్తూ చేస్తూ, ఒక్కోసారి పని ఆపి, కిటికీ అవతల ఏమీ లేని గోడకేసి చాలాసేపు చూస్తూ ఉండిపోతుంది.