బావగారి గడ్డం పట్టుకున్న రోజు

మా అత్తవారి ఊరు కళింగపట్నం పక్కన. అరవైల చివర్లో నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళేనాటికి, తమ్ముడి పెళ్ళాం బావగారి కంటపడకూడదని అక్కడ పట్టింపు. ఆయన దగ్గితే చాలు, నేను తలుపు చాటుకు పరిగెత్తాలి. కొంగు ముక్కు దాకా లాక్కుని, గోడలకు గుద్దుకుంటూ కాపురం చేశాను. విజయనగరంలో టీచరు ట్రైనింగైన దాన్ని, ఇదేం ఖర్మరా దేవుడా అని లోపల్లోపల ఉడికిపోయేదాన్ని. అలాగని ఆయన చెడ్డవారు కాదు. మామగారు పోయాక మా ఆయన్ని పెంచి చదివించింది ఆయనే.

ఓ ఎండాకాలం మధ్యాహ్నం బావగారు పొలం నుంచి వస్తూనే వాకిట్లో కుప్పకూలిపోయారు. మా ఆయన ఊళ్ళో లేరు. అత్తగారు లబోదిబోమంటూ కొడుకును నీడకు లాగించి, తలకింద ఎత్తుగా తలగడ పెట్టారు. మొహాన నీళ్ళు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. కాసేపటికి గుర్రుమని గురక మొదలైంది.

"హమ్మయ్య! నిద్దరట్టీసినాది. ఎవులూ కదపకండర్రా!" అన్నారు అత్తగారు. చేరిన జనమంతా తలూపి విసనకర్రలు అందుకున్నారు.

తలుపు చాటున నేను ఆ గురకకు ఉలిక్కిపడ్డాను. స్పృహ లేని మనిషి గురక నిద్ర కాదు, నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడడం అని ట్రైనింగులో ప్రథమ చికిత్స చెప్పిన మాష్టారు నేర్పారు. తలగడ పెడితే దారి ఇంకా మూసుకుపోతుందన్నారు. ఇక్కడ ఆ గురక కూడా తెగి తెగి వస్తోంది. పెదాలు నల్లబడుతున్నాయి.

"తలగడ తీసీండత్తా! ఊపిరాడతన్నాది కాదు!" అని అరిచాను.

"నువ్వు లోనకెల్లే! బావ ముందర ఆ గొంతేటి?"

ఒళ్ళు మండింది. మనిషి పోతుంటే గొంతు గొడవా? గడప దాటి వెళ్ళి, తలగడ లాగి అవతల పారేశాను. నుదుటి మీద ఒక చెయ్యి వేసి తల వెనక్కి వంచి, రెండో చేత్తో గడ్డం పైకెత్తి పట్టాను. కొంగు ఎక్కడికి పోయిందో!

"ఓలమ్మో, బావ గెడ్డం ఒట్టీసుకున్నాదర్రా!" అని ఎవరో బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోనీ. నా చేతుల్లో పోతే ముట్టుకుని చంపిందంటారని మాత్రం భయపడ్డాను.

గురక ఆగింది. అందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. ఆగింది గురకే. ఊపిరి వెచ్చగా నా చేతికి తగులుతోంది. చేతులు పీకుతున్నా వదల్లేదు.

చాలాసేపటికి ఆయన కళ్ళు తెరిచి నా మొహంకేసి వింతగా చూశారు.

"ఈ గుంటెవులే అమ్మా?"

"నీ తమ్ముడి పెళ్ళాంరా!" అంటూ అత్తగారు ఏడుస్తూనే నవ్వేశారు.

ఆయన గభాలున కళ్ళు మూసేసుకున్నారు. మళ్ళీ స్పృహ పోయిందనుకుని, హడలిపోయి గడ్డం ఇంకా గట్టిగా పైకెత్తాను.

"వదిలీయే తల్లీ, సిగ్గుతో మూసుకున్నాను," అన్నారు పళ్ళ సందుల్లోంచి.

అప్పుడు తన్నుకొచ్చింది నాకు ఏడుపు. కన్నీళ్ళు ఆయన నుదుటి మీదే పడ్డాయి. ఆయన మెల్లగా కళ్ళు తెరిచి ఈసారి నన్నే చూశారు.

"ఇంక తలుపు సాటుకి ఎల్లకే అమ్మా. నాను మల్లీ పడిపోతే ఎవులు సూస్తారు?"